చర్మపు ముక్కలో క్రిమి కనబడలేదంటే జబ్బు లేనట్టేనా?

ప్రశ్న: మా అన్నయ్యకు 38 ఏళ్లు. ఎనిమిది రోజుల క్రితం తీవ్రమైన జ్వరం, తలనొప్పి మొదలయ్యాయి. నాలుగో రోజున మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర ఎర్రటి మచ్చలు వచ్చాయి. రికెట్సియా (పిడుదులు, నల్లుల్లాంటి చిన్న పురుగులు కుట్టడం వల్ల సోకే బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్ కావచ్చని డాక్టర్ ఆ రోజే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెండు రోజుల తర్వాత మచ్చ నుంచి చిన్న ముక్క తీసి యాంటీబాడీ రంగు పరీక్షకు పంపితే నెగెటివ్ అని వచ్చింది. నిన్నటి నుంచి జ్వరం లేదు. మాత్రలు ఆపేయవచ్చా?

జవాబు: ఆపకండి. జ్వరం పూర్తిగా తగ్గాక కనీసం మూడు రోజులు, మొత్తం మీద ఐదు నుంచి ఏడు రోజులు వాడటం పరిపాటి. ఎప్పుడు ఆపాలో మీ డాక్టరే చెప్పాలి, రిపోర్టు కాదు.

రికెట్సియా క్రిములు చిన్న రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాల్లోకి దూరి పెరుగుతాయి. నాళం దెబ్బతిని రక్తం బయటికి చిమ్మిన చోటే మీరు చూసిన మచ్చ. మామూలు రంగులతో ఈ క్రిములు సరిగా కనిపించవు. అందుకే పెథాలజిస్టు వాటికి మాత్రమే అతుక్కునే యాంటీబాడీని ముక్క మీద వేసి, దానికి రంగు జతచేస్తారు. క్రిమి ఉంటే మైక్రోస్కోపులో నాళం గోడ వెంట సన్నని ఎర్రటి చుక్కలు తేలతాయి. అవి కనిపిస్తే నిశ్చింతగా నమ్మవచ్చు. అయితే క్రిమి ఏ వర్గానిదో తెలుస్తుంది గాని, కచ్చితంగా ఏ జాతిదో సాధారణంగా తెలియదు.

నెగెటివ్ సంగతి వేరు. తీసేది మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క. అందులోంచి కోసే పొర మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం. క్రిములేమో అన్ని నాళాల్లోనూ ఉండవు. ఒక నాళం నిండా ఉండి, పక్కదానిలో ఒక్కటీ లేకపోవచ్చు. అమెరికా ఖండాల్లో వచ్చే రికెట్సియా జబ్బు రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్‌లో సకాలంలో తీసిన ముక్కల్లోనే ఈ పరీక్ష పదింట సుమారు ఏడింటిని పట్టుకుంటుంది. మీ అన్నయ్య విషయంలో రెండు రోజుల మందు పడ్డాక ముక్క తీశారు. అప్పటికి క్రిములు పలచబడి ఉంటాయి. ఇందులో మీ డాక్టర్ తప్పేమీ లేదు. బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) కోసం మందు ఆపి కూర్చుంటే అదే పెద్ద పొరపాటయ్యేది. ఈ జబ్బులో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

ఒంటి మీద ఎక్కడైనా, పురుగు కుట్టిన చోట ఏర్పడే నొప్పి లేని నల్లటి పెచ్చు ఉందేమో ఒకసారి చూడమనండి. చంకలు, గజ్జలు, తలలో జుట్టు కింద ఉంటే ఎవరూ గమనించరు. దొరికితే దాని మీద పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే) పరీక్ష చేయించవచ్చు. మచ్చ కంటే అక్కడ క్రిమి చిక్కే అవకాశం ఎక్కువ.

ఆయాసం, మాట తడబడటం, మత్తు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రక్తపరీక్ష సంగతి కూడా అడగండి. మొదటి వారంలో రక్తంలో యాంటీబాడీలు సాధారణంగా దొరకవు. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మరో నమూనా ఇచ్చి, టైటర్ (యాంటీబాడీల స్థాయి) నాలుగు రెట్లు పెరిగిందని తేలితే జబ్బు ఖాయమైనట్టే. జబ్బు మొదట్లో రక్తం ఇచ్చి ఉంటే, ఆ మొదటి నమూనాను పారేయకుండా దాచమని ల్యాబుకు ఇవాళే చెప్పండి. రెండింటినీ ఒకే ల్యాబులో పక్కపక్కన పరీక్షిస్తేనే ఆ లెక్క కుదురుతుంది.