కసుమిగసెకిలో ఆడబోతున్న మా రఘుకి

రఘూ,

మీ క్లయింటు నిన్ను జపాన్‌లోని కసుమిగసెకి క్లబ్ ఈస్ట్ కోర్సులో గోల్ఫ్ ఆడటానికి పిలిచాడని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ముందుగా దారి చెప్తాను, టోక్యో మధ్యలో ప్రభుత్వ ఆఫీసులున్న చోట అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది, అక్కడ దిగేవు! క్లబ్ ఉన్నది సైతామాలోని కవగోయెలో.

స్వింగ్ సంగతి నీ కోచ్ చూసుకుంటాడు. నువ్వు మాత్రం ఆ కోర్సు ఎలా తయారైందో తెలుసుకుని వెళ్ళు, ఎందుకంటే అక్కడ ఏ బంతి ఎటు కొట్టాలో దాని చరిత్రే చెప్తుంది. 1929లో ఫుజిత కిన్యా దాన్ని గీశాడు. ఆ తర్వాత ఇంగ్లండు నుంచి వచ్చిన సి.హెచ్. ఆలిసన్ అనే కోర్సుల డిజైనర్ చూసి, గ్రీన్ల (బంతిని గుంటలోకి వేసే నున్నటి గడ్డి జాగాల) పక్కన బాగా లోతైన బంకర్లు, అంటే ఇసుక గుంటలు, తవ్వించాడు. జపాన్‌లో అలాంటి వాటిని ఇప్పటికీ ఆలిసన్ బంకర్లనే అంటారు. అందులో పడితే మొండికెయ్యకు, జెండా వైపే కొట్టాలని లేదు, పక్కకో వెనక్కో బయటపడితే చాలు.

ఇక గ్రీన్లు. అక్కడి ఉక్క వేసవికి బెంట్ గడ్డి తట్టుకోలేదు, కొరై గడ్డేమో చలికాలం ఎండిపోతుంది, అందుకని చాలా కోర్సుల్లో ప్రతి హోల్‌కీ (ఆటలో ఒక్కో అంచెకీ) రెండు గ్రీన్లు పెట్టి సీజన్‌ని బట్టి మార్చి వాడేవారు. టోక్యో ఒలింపిక్స్ కోసం డిజైనర్ టామ్ ఫాజియో, ఆయన కొడుకు లోగన్ ఈస్ట్ కోర్సుని మార్చినప్పుడు ఒక్కో గ్రీనే ఉంచారు. వేరే కోర్సుకి వెళ్తే మాత్రం ఈరోజు ఏ గ్రీన్ వాడుతున్నారో బ్యాగు మోసే క్యాడీని అడిగి తీరాలి. వాడని గ్రీన్ మీద బంతి పడితే అక్కడి నుంచి కొట్టకూడదు, బంతిని పక్కన చేత్తో వదిలి (డ్రాప్ చేసి) ఆడాలి. కొరై మీద పుట్ (గుంటలోకి దొర్లించే దెబ్బ) కొంచెం గట్టిగా కొట్టు, ఆ ఆకులు బిరుసు.

1957లో దేశాల జట్లు ఆడే కెనడా కప్‌ని జపాన్ ఆటగాళ్ళు నకమురా, ఓనో గెలిచింది ఇక్కడే, జపాన్‌లో గోల్ఫ్ మోజు పెరిగింది ఆ తర్వాతే. 2021లో ఆ ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచిందీ ఇక్కడే, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నీ క్లయింటుతో ఈ రెండూ మాట్లాడు, వాళ్ళకి బాగా నచ్చుతుంది.

మరొకటి, జపాన్‌లో తొమ్మిది హోల్స్ అయ్యాక ఆపి భోజనం చేస్తారు. మొదటి హోల్ నుంచి మొదలుపెడితే తినగానే నీకు ఎదురయ్యేది పదోది, చెరువు దాటించాల్సిన పార్ త్రీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్), అవతల లోతైన బంకర్. కాబట్టి తక్కువ తిను, లేచాక నాలుగు ఖాళీ స్వింగులు వేసి అప్పుడు మొదటి దెబ్బ కొట్టే చోటికి (టీ దగ్గరికి) వెళ్ళు.

మీ మావయ్య