పెద్ద ట్యూనా గేలానికి పడితే రాడ్డు విరగకుండా ఎలా పట్టుకోవాలి?

అండమాన్ సముద్రంలో పడవ మీద నుంచి పసుపురెక్కల ట్యూనాతో పెనుగులాడేటప్పుడు రాడ్డు ఎందుకు విరుగుతుందని అడిగారు. చేప పడవ కిందికి రాగానే చాలామంది రాడ్డును నిట్టనిలువుగా ఎత్తేస్తారు. అప్పుడు భారమంతా సన్నని కొస మీద పడుతుంది, అది పుటుక్కున విరుగుతుంది. నీటిమట్టానికి 45 డిగ్రీలు దాటనివ్వకండి, బలమైన మొదలే బరువు మోస్తుంది.

మొదలును నడుము పట్టీలో ఆనించండి. మోకాళ్లు కాస్త వంచి, చేతులతో కాక ఒంటి బరువుతో వెనక్కి వాలుతూ రాడ్డును కొద్దిగా ఎత్తండి. దించుతూ రీలు ఒకటి రెండు చుట్లు తిప్పండి. అసలు కిటుకు దించడంలోనే ఉంది: అక్కడ దారం వదులైతే గేలం ఊడిపోతుంది. చేప లాగుతున్నంతసేపు రీలు తిప్పకండి, దారం పోనివ్వండి. అది పడవ కిందికి దూరితే మాత్రం వెంటనే రాడ్డు కొసను నీళ్లలోకి దించి, దారం పడవ అడుగుకు రాసుకోకుండా పడవ ముందు కొస చుట్టూ తిరిగి ఆ వైపుకు వెళ్లండి.