అవార్డు సంగతి తర్వాత, ముందు ప్రెస్ దొరకాలి

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో బి.ఎఫ్.ఎ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చివరి సంవత్సరం చదువుతోంది. ప్రింట్‌మేకింగ్‌లోనే, అంటే ప్లేటు మీద బొమ్మ చెక్కి, ఇంకు రాసి, ప్రెస్‌తో కాగితం మీదికి తీసే కళలోనే, ఎం.ఎఫ్.ఎ. చేస్తానంటోంది. ఈమధ్య విదేశంలో జరిగే ఒక మినీ ప్రింట్ ఎగ్జిబిషన్‌కి తన పని సెలెక్ట్ అయింది. ఇంకో సంస్థ ఏడు వేలు కడితే అంతర్జాతీయ అవార్డు, సర్టిఫికెట్ ఇస్తామని మెయిల్ పంపింది. ఈ పోటీలు, అవార్డుల వల్ల నిజంగా జీవితంలో స్థిరపడే దారి ఉంటుందా? లేక బి.ఇడి. చేయించి టీచర్ ఉద్యోగం వైపు పంపమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: ముందు ఆ ఏడు వేల సంగతి తేల్చేద్దామండి. కట్టకండి. డబ్బు కడితే వచ్చేదాన్ని అవార్డు అనరు. రేపు ఏ ఇంటర్వ్యూలో చూపించినా ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆ సంస్థ ఎలాంటిదో తెలిసిపోతుంది, దాంతో పక్కనున్న నిజమైన ఎగ్జిబిషన్ల విలువ కూడా తగ్గుతుంది.

అలాగని ఫీజు అడిగిన ప్రతిదీ మోసం అనుకోకండి. స్పెయిన్‌లోని కడకేస్ అనే ఊళ్లో 1981 నుంచి నడుస్తున్న మినీ ప్రింట్ ఇంటర్నేషనల్, బల్గేరియాలో లెస్సెడ్రా గ్యాలరీ నిర్వహించే ప్రింట్ యాన్యువల్ కూడా పాల్గొనడానికి ఫీజు తీసుకుంటాయి. అవి పేరున్నవే. తేడా ఎలా తెలుస్తుందంటే, జ్యూరీలో ఎవరున్నారో చెబుతారా, గతంలో గెలిచినవాళ్ల పనులు కేటలాగ్‌లో ఉన్నాయా, ముఖ్యంగా అసలు ప్రింట్‌ను కాగితం మీద చూస్తారా అన్నది చూడండి. మొదటి వడపోత ఫోటోలతో జరగొచ్చు, తప్పు లేదు. కానీ చివరిదాకా ఫోటో తప్ప ప్రింట్ అడగని ప్రింట్ పోటీని నేను లెక్కలోకి తీసుకోను.

మీ అమ్మాయి ఎంచుకున్న మాధ్యమానికి ఒక పెద్ద సౌకర్యం ఉంది. పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, అది భోపాల్ వెళ్తే మళ్లీ తిరిగొచ్చేదాకా ఇంకెక్కడికీ పంపలేరు. ఎచింగ్, అంటే యాసిడ్‌తో లోహపు ప్లేటు మీద గీతలు దించి తీసే ప్రింట్, అలా కాదు. ఒక జింక్ ప్లేట్ నుంచి పది ప్రింట్లు తీస్తే ఒకటి భోపాల్‌లో, ఒకటి పోలండ్‌లో, ఒకటి చెన్నైలో ఒకే నెలలో గోడ మీద ఉండొచ్చు. పదీ ఒరిజినల్సే. అందుకే ప్రింట్‌మేకర్లు చిన్న వయసులోనే ఎక్కువ ఎగ్జిబిషన్లలో కనిపించగలుగుతారు. భోపాల్‌లోని భారత్ భవన్ 1989లో అంతర్జాతీయ ప్రింట్ బినాలే (రెండేళ్లకోసారి జరిగే ఎగ్జిబిషన్) మొదలుపెట్టింది. లలిత కళా అకాడమీ 2018లో ఢిల్లీలో మొదటి ప్రింట్ బినాలే జరిపింది. అకాడమీ నేషనల్ ఎగ్జిబిషన్‌కి గ్రాఫిక్స్ (ప్రింట్లను అక్కడ అలా అంటారు) కూడా పంపొచ్చు. బయటి దేశాల్లో చూస్తే స్లొవేనియాలోని లుబ్లియానాలో 1955 నుంచి, పోలండ్‌లోని క్రాకోవ్‌లో 1966 నుంచి, తైవాన్‌లో 1983 నుంచి పెద్ద ప్రింట్ ఎగ్జిబిషన్లు జరుగుతున్నాయి. ఇవన్నీ ఏటా ఉండవు, రెండేళ్లకో మూడేళ్లకో వస్తాయి. అన్నింటికీ అందరూ దరఖాస్తు చేసుకునే వీలు కూడా ఉండదు, కొన్నింటికి వాళ్లే పిలుస్తారు. అందుకని తేదీలు, రూల్స్ రాసిపెట్టుకునే ఒక నోట్‌బుక్ ఇప్పుడే మొదలుపెట్టమనండి. ఫలానా సంవత్సరం తర్వాత చేసిన పనే కావాలని, ఇంతకుముందు బహుమతి వచ్చిన పని వద్దని, డిజిటల్ ప్రింట్ తీసుకోమని కొందరు షరతులు పెడతారు. మంచి పనులు చాలావరకు తిరిగొచ్చేది ఆ షరతులు చదవకపోవడం వల్లే.

కాగితం దగ్గర కూడా శ్రద్ధ కావాలి. కింద ఎడమవైపు 3/10 (పది ప్రింట్లలో మూడోది) అని ఎడిషన్ నంబరు, మధ్యలో పేరు, కుడివైపు సంతకం, అన్నీ పెన్సిల్‌తోనే. పదే అని రాశాక పదకొండోది తీసి అమ్మితే ప్రింట్‌మేకర్ మాట పోతుంది. జ్యూరీలో కూర్చునేవాళ్లు బొమ్మ చూశాక కళ్లు మార్జిన్ మీదికి తిప్పుతారు. ప్లేట్ మార్క్ (కాగితం మీద ప్లేటు అంచు నొక్కుకున్న గుర్తు) శుభ్రంగా ఉందా, అంచున ఇంకు వేలిముద్ర పడిందా అని చూస్తారు. కొందరు కాగితం వెనక్కి తిప్పి కూడా చూస్తారు. విశాఖలాంటి సముద్రపు గాలి ఉన్న చోట ఇంకో చిక్కు, సరిగ్గా ఆరని ప్రింట్లు దొంతరగా పెడితే వానాకాలం వెళ్లేసరికి బూజు మచ్చలు వస్తాయి. బ్లాటింగ్ పేపర్ల మధ్య బరువు పెట్టి ఆరనిచ్చాకే దాచాలి. ఇంట్లో బీరువాలో ఒక పొడి అర తనకు ఇచ్చేయండి. ఈ విషయంలో మీరు చేయగల సాయం అది.

ఇప్పుడు నేను అన్నింటికన్నా ముఖ్యం అనుకునే మాట. ప్రింట్‌మేకింగ్ చదివి ఆపేసినవాళ్లలో బహుమతులు రాక ఆపేసినవాళ్లు తక్కువ. కాలేజీ అయిపోయాక ప్రెస్ దొరక్క ఆపేసినవాళ్లే ఎక్కువ. ఎచింగ్ ప్రెస్ ఖరీదైనది, బరువైనది, ఫ్లాట్‌లో పెట్టుకునేది కాదు. యాసిడ్‌తో పనికి గాలి ఆడే చోటు కావాలి. అందుకే ఒక చోట నగదు బహుమతి, ఇంకో చోట ఆర్నెల్లు ప్రెస్ మీద పనిచేసే అవకాశం వస్తే, రెండోదే తీసుకోమంటాను. నగదు ఖర్చయిపోతుంది. ఆర్నెల్లలో తీసిన ప్రింట్లు నాలుగైదేళ్లపాటు ఎగ్జిబిషన్లకు వెళ్తూనే ఉంటాయి.

మన తెలుగువాళ్లలో పెద్ద పేర్లు చూసినా ఇదే కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో చదివి, లండన్ వెళ్లి, పారిస్‌లో ఇంగ్లిష్ ప్రింట్‌మేకర్ హేటర్ నడిపిన అటెలియర్ 17 వర్క్‌షాప్‌లో చేరారు. పలచని ఇంకు, చిక్కని ఇంకు ఒకదానితో ఒకటి కలవకుండా మెత్తని, గట్టి రోలర్లతో ఒకే ప్లేట్ మీద వేసి, ఒక్కసారి ప్రెస్‌లో తిప్పితే అన్ని రంగులూ పడే విస్కోసిటీ పద్ధతిని ఆయన ఆ వర్క్‌షాప్‌లోనే తోటి కళాకారులతో కలిసి తీర్చిదిద్దారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారు హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లారు. ఎచింగ్‌తో ఆయన పేరు దేశమంతా తెలిసింది, 2016లో పద్మశ్రీ అందుకున్నారు. ఇద్దరికీ ముందు దొరికింది మంచి ప్రెస్, పక్కన పనిచేసే మంచి మనుషులు. గుర్తింపు తర్వాత వచ్చింది.

కాబట్టి ఎం.ఎఫ్.ఎ. మాన్పించొద్దు. రెండేళ్లు ప్రెస్ చేతిలో ఉంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూల్, శాంతినికేతన్ కళాభవన్, బరోడా ఫైన్ ఆర్ట్స్, మూడింటికీ ప్రయత్నించమనండి. సీటు వెంటనే రాకపోతే చెన్నైలో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ గ్రాఫిక్స్ స్టూడియోలో పనిచేసుకోవచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు, నెలకు 5 వేల చొప్పున రెండేళ్లు ఇస్తారు. 25 దాటాక జూనియర్ ఫెలోషిప్ ఉంది, నెలకు 10 వేలు. పెద్ద మొత్తాలు కావు, కానీ కాగితం, ప్లేట్లు, ఇంకు ఖర్చులకు పనికొస్తాయి. ప్రెస్ లేని రోజుల్లో వుడ్‌కట్, లినోకట్ (చెక్క మీద, లినోలియం షీటు మీద చెక్కి తీసే ప్రింట్లు) చేసుకోవచ్చు, వాటికి చెంచా వెనకవైపుతో రుద్ది కూడా ప్రింట్ తీయొచ్చు. కడకేస్ లాంటి చోట బొమ్మ 10 సెంటీమీటర్లకు మించకూడదు కాబట్టి అంత చిన్న పని ఇంట్లోనూ అవుతుంది.

ఉద్యోగం మాటకొస్తే, ప్రింట్లు అమ్ముకుని మాత్రమే బతకడం మొదటి పదేళ్లలో కష్టం. ఇది మీ దగ్గర దాచను. బోధనే నమ్మకమైన ఆసరా. స్కూల్ టీచర్ పోస్టే కావాలంటే బి.ఇడి. సంగతి ఆ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో ఏం అడిగారో చూసి తేల్చుకోండి, ఇప్పుడే చేయించక్కర్లేదు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎం.ఎఫ్.ఎ.లో 55 శాతం మార్కులు, యూజీసీ నెట్ లాంటి అర్హత పరీక్ష పాసై ఉండటం సాధారణంగా కావాలి. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంది. నెట్‌లో విజువల్ ఆర్ట్స్ సబ్జెక్టులో ప్రింట్‌మేకింగ్ కూడా ఉంటుంది, ఎం.ఎఫ్.ఎ. రెండో ఏడాదిలోనే రాయించండి. ఇంటర్వ్యూలో మార్కులతోపాటు ఎగ్జిబిషన్ల ఆధారాలు కూడా చూస్తారు. అందుకే ఇప్పుడు సెలెక్ట్ అయిన ఎగ్జిబిషన్‌తోనే ఫైలు మొదలుపెట్టమనండి. సెలక్షన్ లెటర్, కేటలాగ్‌లో తన పేరున్న పేజీ, పంపిన ప్రింట్ పేరు, సైజు, ఎడిషన్ నంబరు, తిరిగొచ్చిందా లేదా, ఇవన్నీ ఒక్కచోట ఉండాలి.