బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే బోర్డు మార్చాల్సిందేనా?

బయోస్ అప్‌డేట్ అవుతుండగా కరెంట్ పోయిందనీ, ఇప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ మీద ఏమీ రావడం లేదనీ, షాపులో మదర్‌బోర్డు మార్చాలంటున్నారనీ రాశారు. తొందరపడి కొనకండి. చాలావరకు ఇలాంటప్పుడు బోర్డుకు ఏమీ కాదు. బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్, అది మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్‌లో ఉంటుంది. ఆ చిప్‌లోకి రాయాల్సింది సగంలో ఆగిపోయింది, మళ్ళీ రాస్తే సరిపోతుంది. హార్డ్ డిస్క్‌లోని ఫైళ్ళకూ దీనికీ సంబంధం లేదు. అర్జెంటైతే డిస్క్ తీసి వేరే సిస్టమ్‌కు తగిలించుకోండి.

మాది కావలి, డీటీపీ సెంటర్ నడుపుతాను. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, యూపీఎస్ బ్యాటరీ నిలవడం లేదని తెలిసీ, ఐదు నిమిషాల పనే కదా అని అప్‌డేట్ మొదలుపెట్టాను. సగంలో కరెంట్ పోయింది. ఆ వారం ఇవ్వాల్సిన శుభలేఖలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నా అదృష్టం, ఆ బోర్డులో చిప్ సాకెట్‌లో ఉంది. 8 కాళ్ళ చిన్న చిప్, టంకం లేదు. మెల్లగా పైకి లాగి, రైలెక్కి నెల్లూరు వెళ్ళి, చిప్ లెవెల్ రిపేర్ చేసే ఒకాయనతో మళ్ళీ రాయించుకున్నాను. సాయంత్రానికి సిస్టమ్ ఆన్ అయింది. ఖర్చు కొత్త బోర్డు ధరలో పదో వంతు కూడా కాలేదు.

మీరూ క్యాబినెట్ తెరిచి, చిప్ సాకెట్‌లో ఉందేమో చూడండి. గిగాబైట్ డ్యూయల్ బయోస్ బోర్డుల్లో మెయిన్, బ్యాకప్ అని రెండు చిప్‌లుంటాయి, మొదటిది చెడితే రెండోది అందుకుంటుంది. కొన్ని బోర్డులకు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. మాన్యువల్‌లో చెప్పిన పేరుతో ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ బటన్ నొక్కితే, స్క్రీన్ రాకపోయినా బయోస్ ఎక్కుతుంది.

ఇవేవీ లేక చిప్ బోర్డుకే అతికించి ఉంటే, చిప్‌లోకి రాసే పరికరం, అంటే ప్రోగ్రామర్ కావాలి. ఒంగోలులో మా బావమరిది బోర్డుకు ఇదే అవసరమైంది. సీహెచ్341ఏ అనే చవక యూఎస్‌బీ ప్రోగ్రామర్, చిప్‌ను పట్టుకునే క్లిప్ కొన్నాను. క్లిప్ పెట్టే ముందు పవర్ కేబుల్ పూర్తిగా తీసేయాలి. చిప్ మీద చుక్క ఉన్న మూలే ఒకటో కాలు, క్లిప్ ఎర్ర తీగ అటే రావాలి. అన్నిటికంటే ముఖ్యం ఓల్టేజి. 3.3 ఓల్టుల చిప్‌లు ఎక్కువే గానీ 1.8 ఓల్టులవీ ఉన్నాయి. వాటికి ఓల్టేజి తగ్గించే అడాప్టర్ లేకుండా పెడితే చిప్ నిజంగానే కాలిపోవచ్చు.

రాసేముందు చిప్‌లో ఉన్న పాతది ప్రోగ్రామర్‌తో రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనా అని పోల్చి దాచుకోండి. చాలా బోర్డుల్లో సీరియల్ నంబరు, నెట్‌వర్క్ మ్యాక్ అడ్రస్ ఆ చిప్‌లోనే ఉంటాయి. మా బావమరిది బోర్డులో చదివిన ప్రతిసారీ వేరుగా వచ్చింది. క్లిప్ నుంచి వెళ్ళే కరెంటును మిగతా బోర్డు లాగేస్తోంది. చివరికి హాట్ ఎయిర్‌తో చిప్ ఊడదీయించి రాసి, మళ్ళీ అతికించాం. మీకు అలవాటు లేకపోతే ఆ పని మాత్రం రిపేర్ వాళ్ళకే ఇవ్వండి.

ఇంకొక్కటి, చిప్ మీద ఉండే 25క్యూ64 లాంటి పేరులో 64 అంటే మెగాబిట్లు, అంటే 8 ఎంబీ. మీరు రాసే ఫైలు సరిగ్గా అంతే ఉండాలి. కంపెనీ సైట్లో దొరికే ఫైలుకు ముందు అదనపు భాగం తగిలించి ఉంటే అది తీసేశాకే రాయాలి.

బోర్డు మోడల్, చిప్ మీది నంబరు కనిపించేలా ఒక ఫోటో పెట్టండి. మీది ఏ రకమో చూసి చెప్తాను.