బ్యాక్టీరియా పొడి రోజూ వేస్తున్నా ట్యాంకులో అమ్మోనియా ఎందుకు తగ్గట్లేదు?

మీరు చెప్పినదాన్ని బట్టి: 100 లీటర్ల ట్యాంకు, పెట్టి 12 రోజులు, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, బోరు నీళ్లు, పీహెచ్ 8. షాపులో ఇచ్చిన బ్యాక్టీరియా పొడి రోజూ వేస్తున్నా అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దగ్గరే ఉంది, నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా మారాయి. రొయ్యల చెరువుల్లో వాడే ప్రోబయోటిక్‌ని బెల్లంతో కలిపి పోయమని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. అది పోయొచ్చా అని అడిగారు.

పోయకండి. ఎందుకో కింద చెప్తాను, ముందు చేపల సంగతి చూడండి. టెస్ట్ కిట్ చూపించే 2 పీపీఎం మొత్తం అమ్మోనియా. అందులో చేపకు విషమయ్యే భాగం ఎంతన్నది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి ఆరున్నర. మీ ట్యాంకులో అది దాదాపు 0.13 పీపీఎం. 0.05 దాటితేనే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకని ఈరోజే సగం నీళ్లు మార్చండి, రేపు మళ్లీ సగం మార్చండి. మూడు రోజులు మేత పూర్తిగా ఆపేయండి, ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్‌కి దానివల్ల ఏమీ కాదు. బోరు నీళ్లకు క్లోరిన్ బెడద ఉండదు. మున్సిపల్ నీళ్లు కలిపితే మాత్రం ముందు హైపో (క్లోరిన్‌ని విరిచేసే సోడియం థయోసల్ఫేట్) వేయాలి. క్లోరిన్ 2 పీపీఎం దాకా ఉన్నా 100 లీటర్లకు గ్రామున్నర హైపో గింజలు సరిపోతాయి. నీళ్లు మారిస్తే మంచి బ్యాక్టీరియా పోతుందేమో అని చాలామంది భయపడి చేపల్ని విషంలోనే ఉంచేస్తారు. అది పోదండీ. అది ఉండేది నీళ్లలో కాదు, స్పాంజికీ గులకరాళ్లకూ అంటుకున్న జిగురు పొరలో.

ఇక పొడి సంగతి. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా వేరు, మడ్డిని తినే బ్యాక్టీరియా వేరు. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చేది నైట్రోసోమోనాస్ జాతి. నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చేది నైట్రోబ్యాక్టర్ అని పాత పుస్తకాల్లో ఉంటుంది, కానీ మంచినీళ్ల అక్వేరియంలలో ఆ పని ఎక్కువగా చేసేది నైట్రోస్పైరా అని 1998లో తేలింది. ఈ రెండూ స్పోర్లు కట్టవు. అంటే విత్తనంలా ఎండిపోయి ప్యాకెట్లో నెలల తరబడి నిద్రపోలేవు. ఎండలో, షాపు అరలో పడి ఉన్నా పాడవని పొడి ఏదైనా దాదాపుగా బాసిల్లస్ జాతే. అది పనికిరానిదేమీ కాదు, మిగిలిపోయిన మేతను, రెట్టను కుళ్లబెడుతుంది. అయితే అలా కుళ్లబెట్టేటప్పుడు అమ్మోనియాను కొత్తగా వదులుతుంది కూడా. మీ నీళ్లలోని తెలుపు చాలావరకు ఇదే: నీళ్లలో తేలుతూ పెరుగుతున్న, మడ్డిని తినే ఇలాంటి బ్యాక్టీరియా. రోజూ పొడి వేయడం అంటే ఆ తెలుపును రోజూ పెంచడమే. ఇవాళ్టి నుంచి ఆపేయండి.

రొయ్యల చెరువు సలహా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. భీమవరం వైపు రైతులు ప్రోబయోటిక్‌ని బెల్లం నీళ్లలో పులియబెట్టి చెరువులో పోస్తారు. తీపిని తింటూ పెరిగే బ్యాక్టీరియా తన ఒంటి కోసం నీళ్లలోని అమ్మోనియాను లాక్కుంటుంది, ఆ లెక్క నిజమే. అయితే అక్కడ రాత్రంతా ఏరేటర్లు తిరుగుతుంటాయి. మీ ట్యాంకులో ఏముంది? 28 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములు కూడా ఉండదు. 100 లీటర్లకు కలిపినా ముప్పావు గ్రాము. మీకున్న 2 పీపీఎం అమ్మోనియాకి లెక్క ప్రకారం కావలసిన బెల్లం 4 గ్రాముల లోపే. చేతికొచ్చినంత చిన్న ముక్క విరిచినా 30, 50 గ్రాములు ఉంటుంది. అంత బెల్లాన్ని బ్యాక్టీరియా తినేటప్పుడు ట్యాంకులో ఉన్న ఆక్సిజన్‌కి ఎన్నో రెట్లు కావాలి. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, లేదా అప్పటికే తేలిపోయి ఉంటాయి.

సరైన సరుకు ఎలా గుర్తుపట్టాలంటే: అది సీసాలో ద్రవంగా ఉండాలి, పేర్లలో నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా స్పష్టంగా రాసి ఉండాలి, గడువు తేదీ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్‌లో తెప్పించుకోకపోవడం మంచిది, వ్యాన్‌లో నాలుగు రోజులు ఉడికాక సీసాలో మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. కొన్నాక ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన కొడితే నేను దాన్ని నమ్మను.

సీసా బతికుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఈ పరీక్షకు వారం పడుతుంది కానీ, నెల రోజుల అయోమయం తప్పుతుంది. ల్యాబ్ సరుకులు అమ్మే చోట అమ్మోనియం క్లోరైడ్ తీసుకోండి. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం ఇదే, కాకపోతే బజారు సరుకు శుభ్రత మీద భరోసా ఉండదు. 10 గ్రాములు తూచి, నీళ్లలో కరిగించి మొత్తం 500 మిల్లీలీటర్లు చేసుకోండి. రెండు బకెట్లలో పదేసి లీటర్ల బోరు నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఎయిర్ స్టోన్, కొత్త స్పాంజి ముక్క వేయండి. తర్వాత ఆ ద్రావణం సిరంజితో 3 మిల్లీలీటర్ల చొప్పున రెండింటిలోనూ కలపండి, అమ్మోనియా దాదాపు 2 పీపీఎం అవుతుంది. ఒక బకెట్లో మాత్రమే బ్యాక్టీరియా సీసాని బాగా కుదిపి లేబుల్ మీది మోతాదు పోయండి. రోజూ ఒకే వేళకి రెండు బకెట్లలోనూ అమ్మోనియా, నైట్రైట్ రెండూ చూసి రాసుకోండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. అమ్మోనియా తగ్గితే చాలనుకుంటారు. పీహెచ్ 8 ఉన్న నీళ్లలో గాలి బుడగలతోనే కొంత అమ్మోనియా ఎగిరిపోతుంది, ఇంకో రకం బ్యాక్టీరియా కొంత తినేయవచ్చు. బ్యాక్టీరియా పోసిన బకెట్లో మూడో నాలుగో రోజుకి నైట్రైట్ గొట్టంలో రంగు ఊదాకు తిరిగి, రెండో బకెట్ గొట్టం లేత నీలంలోనే ఉంటే ఆ సీసా నిజంగా బతికున్నట్టు. రెండు గొట్టాలూ వారం దాకా ఒకేలా ఉంటే పారబోయండి.

మీకు దగ్గర్లో ఆరు నెలలుగా రోగం లేకుండా నడుస్తున్న ట్యాంకు ఎవరిదైనా ఉంటే అసలు సీసా జోలికే వెళ్లక్కర్లేదు. వాళ్ల స్పాంజి ఫిల్టర్‌ని ట్యాంకు నీళ్లలోనే తడిగా తెచ్చుకుని, గంటలోపు మీ ట్యాంకులో పెట్టి గాలి ఆడించండి. నా దృష్టిలో ఏ సీసా దీనికి సాటిరాదు.

సీసానే వాడితే చుక్కా చుక్కా రోజూ కాకుండా కొత్త ట్యాంకు మోతాదంతా ఒకేసారి, ఫిల్టర్ నీళ్లు పీల్చే చోట పోయండి. యూవీ లైటు ఉంటే రెండు మూడు రోజులు ఆపండి. మిథిలీన్ బ్లూ, యాంటీబయోటిక్‌లు ఈ బ్యాక్టీరియాని కూడా చంపుతాయి, చేపకి మందు అవసరమైతే వేరే టబ్బులో వేయండి. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని మార్చడానికి నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది, కాబట్టి ఎయిర్ పంపు పగలూ రాత్రీ ఆడాలి. కరెంటు పోయినప్పుడు పవర్ బ్యాంకుతో నడిచే చిన్న పంపు దగ్గర పెట్టుకోండి. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ కొన్ని గంటలు ఆగిపోతే, మళ్లీ వేసేముందు దానిలోపలి నీళ్లు పారబోయాలి.

ఇదే పని చేస్తూ బ్యాక్టీరియా నీళ్లలోని కేహెచ్‌ని (పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్లని) కూడా తినేస్తుంది. మీ బోరు నీళ్లకు ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ ఆర్వో నీళ్లు పోసే ఇళ్లలో కేహెచ్ అయిపోయి, పీహెచ్ 6కి పడి, బ్యాక్టీరియా దాదాపు ఆగిపోతుంది. అలాంటి చోట 100 లీటర్లకు 6 గ్రాముల వంట సోడా వేస్తే కేహెచ్ 2 డిగ్రీలు పెరుగుతుంది. అయితే అమ్మోనియా ఎక్కువగా ఉన్నప్పుడు పీహెచ్‌ని ఒక్కసారిగా పైకి లేపొద్దు, అప్పటిదాకా నిరపాయంగా ఉన్నది విషంగా మారుతుంది. ముందు కొద్దికొద్దిగా నీళ్లు మార్చి అమ్మోనియా దించి, ఆ తర్వాతే సోడా.

మీ ట్యాంకులో తర్వాత జరిగేది ఇది: అమ్మోనియా దిగుతుంటే నైట్రైట్ ఎక్కుతుంది. దాని బ్యాక్టీరియా నెమ్మది, ఇంకో రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆ రోజుల్లో 100 లీటర్లకు 10 గ్రాముల కల్లుప్పు కరిగించి పోస్తే నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి వెళ్లడం తగ్గుతుంది. తర్వాత నీళ్లు మార్చినప్పుడల్లా తీసేసిన నీళ్లకు సరిపడా ఉప్పే కలపండి. మేత మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రోజుకి ఒకపూట, నిమిషంలో తినేసేంతే. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు సున్నా చూపించేదాకా కొత్త చేప వద్దు. స్పాంజిని కుళాయి కింద కడగకండి. ట్యాంకు నుంచి తీసిన నీళ్లలో రెండుసార్లు పిండి, గోధుమరంగు ఇంకా మిగిలి ఉండగానే తిరిగి పెట్టేయండి.