వెటర్నరీయా, ఎకాలజీయా? అడవి బాట పట్టాలనుకునే అమ్మాయికి

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది), పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ. అడవి జంతువుల మీద పరిశోధన చేస్తానంటోంది. వాళ్ల నాన్న వెటర్నరీ చదివిద్దామంటున్నారు. ఏదైనా బయాలజీ చదువే కదా, లెక్కల మీద టైం వేస్ట్ చేయకు అంటున్నాం. ఏ దారి మంచిది? ఆడపిల్లను అడవులకు పంపడం క్షేమమేనా?

జవాబు: అమ్మా, లెక్కలు మాత్రం వదలనివ్వకండి. ఈ రంగంలో చాలామంది చతికిలబడేది అక్కడే.

అడవిలో దుప్పులు ఎన్నున్నాయో తేల్చే పద్ధతుల్లో ముఖ్యమైనది లైన్ ట్రాన్సెక్ట్. తెల్లవారగానే, ముందే గుర్తుపెట్టుకున్న తిన్నని దారిలో చప్పుడు చేయకుండా నడుస్తారు. గుంపు కనబడగానే మూడు సంగతులు రాసుకోవాలి: ఎన్ని ఉన్నాయి, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో ఎంత దూరం వచ్చింది, దిక్సూచి ప్రకారం మన దారికి ఎంత కోణంలో ఉన్నాయి. దుప్పి 40 మీటర్ల దూరంలో, 30 డిగ్రీల కోణంలో ఉందనుకోండి. సైన్ 30 అంటే సగం కాబట్టి దారి నుంచి దాని లంబదూరం 20 మీటర్లు. మీ అమ్మాయి పదో తరగతిలో చేసిన లెక్కే ఇది. దూరం పెరిగేకొద్దీ మన కంటికి చిక్కనివి ఎన్ని ఉంటాయో, ఇలాంటి కొలతలు చాలా ఉంటేనే తెలుస్తుంది. దాన్ని బట్టి చదరపు కిలోమీటరుకు ఎన్ని జంతువులో అంచనా కడతారు. దారికి దగ్గరగా ఉన్నవాటి కోణాన్ని బద్ధకించి సున్నా అని రాస్తే, సంఖ్య ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. మనల్ని చూసి పరుగెత్తిన జంతువు ఆగిన చోటును కొలిస్తే తక్కువ వస్తుంది. మొదట కనబడ్డ చోటునే కొలవాలి.

పులుల లెక్కకైతే బాటకు రెండు పక్కలా, దాదాపు మోకాలి ఎత్తులో, కదలిక తగలగానే వాటంతట అవే ఫొటో తీసే రెండు కెమెరాలు కడతారు. ఏ పులి ఏదో చారలను బట్టే గుర్తుపడతారు. ఒకే పులికి ఎడమ పక్క చారలు కుడి పక్క చారల్లా ఉండవు కాబట్టి రెండు వైపులా ఫొటో కావాలి. ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని మీద పడకుండా కాస్త ఎడంగా కట్టాలి. ఎదురుగా గడ్డి తీసేయకపోతే ఊగే గడ్డి ఫొటోలతో కార్డు నిండిపోతుంది. కెమెరాలో తేదీ తప్పుగా పెడితే వారాల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే.

వెటర్నరీ మంచి చదువే, కానీ పని వేరు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. బావిలో పడ్డ చిరుతకు మత్తు ఇచ్చేది, గాయపడ్డ ఏనుగుకు వైద్యం చేసేది వెటర్నరీ డాక్టరే. ఆ చిరుతను తర్వాత ఎక్కడ వదలాలి, అసలు తరలించాలా అని తేల్చేది ఎకాలజిస్టు, అంటే జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించేవారు. మహారాష్ట్ర జున్నర్ ప్రాంతంలో ఎకాలజిస్టు విద్యా ఆత్రేయ చేసిన పని ఇలాంటిదే. చెరకు తోటల్లో చిరుతలను పట్టి దూరంగా అడవిలో వదిలితే ప్రమాదం తప్పుతుందని అనుకునేవారు. వదిలిన చోట్ల దగ్గర మనుషుల మీద దాడులు పెరిగాయని ఆమె అధ్యయనం చూపించింది. మీ అమ్మాయికి ఏ పని మీద మనసుందో అడగండి. వెటర్నరీలోనే చేరినా పీజీలో ఇటు రావచ్చు.

డిగ్రీకి బీఎస్సీలో జువాలజీ లేదా బోటనీ తీసుకుని, పక్కన స్టాటిస్టిక్స్ ఉండేలా చూడండి. కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థలైన ఐసర్‌లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఇంకా మంచిది. మన తిరుపతిలోనూ ఐసర్ ఉంది. దానికి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అదే స్కోరు బెంగళూరు ఐఐఎస్సీ బీఎస్‌కూ పనికొస్తుంది.

ఇక ఎమ్మెస్సీ. మీ ఊళ్లోనే ఎన్‌సీబీఎస్‌ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్)లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్జర్వేషన్ ఎమ్మెస్సీ ఉంది. ఏ డిగ్రీ చదివినవాళ్లైనా రాయవచ్చు. కానీ సీట్లు దాదాపు 15, ప్రవేశాలు రెండేళ్లకోసారి. డిగ్రీ అయ్యే ఏడు, ప్రవేశాల ఏడు కలవకపోతే ఆ ఏడాదిని పాడైందనుకోకండి. ఏదైనా ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంటుగా పంపండి. ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది ఆ అనుభవం గురించే. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కు కూడా దరఖాస్తు పెట్టించండి. పీహెచ్‌డీకి ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్, పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ మూడూ బెంగళూరులోనే ఉన్నాయి. నెట్ అనే అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం.

డబ్బు సంగతి దాచను. డిగ్రీ మూడేళ్లు, ఫీల్డు ఏడాది, ఎమ్మెస్సీ రెండు, పీహెచ్‌డీ ఐదు వేసుకుంటే 29 ఏళ్లు వస్తాయి. ఆ తర్వాత కూడా పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ, ప్రాజెక్టు కాంట్రాక్టులే ఎక్కువ. ఇంటికి స్థిరమైన జీతం తప్పనిసరైతే, యూపీఎస్సీ నిర్వహించే ఐఎఫ్‌ఎస్ (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) పరీక్ష ఉంది. జువాలజీ, బోటనీ, స్టాటిస్టిక్స్, వెటర్నరీ డిగ్రీలు చెల్లుతాయి. అమ్మాయిలు 4 గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి.

క్షేమం గురించి మీ భయం నాకు అర్థమైంది. ఫీల్డులో ఎవరూ ఒంటరిగా తిరగరు, అడవి తెలిసిన స్థానిక ట్రాకర్ వెంట ఉంటాడు. ఏనుగును పసిగట్టేది ఆయనే, ఆయన వెనక్కి తిరగమంటే మారు మాట్లాడకూడదు. పులికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి జీపు ప్రయాణాలు, పిడుదులు, జ్వరాలు, ఒక్కోసారి తోటి మనుషులు. అందుకే పంపేముందు సంస్థను సూటిగా అడగండి: అమ్మాయిలకు వేరే గది, బాత్‌రూం ఉన్నాయా? సిగ్నల్ లేని చోట రోజూ సాయంత్రం కబురు ఎలా అందుతుంది? బీమా ఉందా? పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు? జవాబు నసిగితే వేరే చోటు చూసుకోండి.

ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఒకటుంది. సర్జాపూర్ రోడ్డు కైకొండ్రహళ్లి చెరువు మీకు దగ్గరే. ప్రతి ఆదివారం ఒకే చోట, ఒకే సమయానికి, అరగంట పక్షులు లెక్కపెట్టి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించమనండి. మూడు నెలలయ్యాక ఆ అంకెలతో తనే ఒక గ్రాఫు గీయాలి. పన్నెండు ఆదివారాల తర్వాత కూడా పొద్దున్నే తనంతట తనే లేస్తుంటే, ఐఏటీ నోటిఫికేషన్ కోసం చూడటం మొదలుపెట్టండి.