ముందు ఆ దారి మూసి చూడు

హన్మకొండ

బిడ్డా,

పార్కిన్సన్స్ జబ్బులో చచ్చిపోయే డోపమైన్ న్యూరాన్లను (మెదడు కణాలను) కాపాడే సిగ్నల్ దారుల మీద పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సంతోషం ఎంతుందో టెన్షన్ కూడా అంతే ఉంది. ఆ జబ్బుతో చేతులు వణికే మీ తాత చొక్కాకు ఆరేళ్లు గుండీలు పెట్టిన చేతులు నావి.

కణాలు తెచ్చిన వారంలోనే కొన్ని ఫ్రీజ్ చేసి పెట్టుకో. నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. ఆ న్యూరాన్లను చంపే విషం ఎంపీటీపీ, దాని సీసాను మాత్రం ఒంటరిగా ముట్టుకోకు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ హెరాయిన్ ఎక్కించుకున్నవాళ్లు రోజుల్లోనే కొయ్యబారిపోయారు. అందులో కలిసింది అదే. రాత్రిపూట ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు ఆ పని పెట్టుకున్నావని తెలిస్తే నేనే బస్సెక్కి వస్తాను.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. నేను వాడిన విషం 6-హైడ్రాక్సీడోపమైన్, అదీ ఆ న్యూరాన్లను చంపేదే. పసుపులోని కర్క్యుమిన్‌నూ ఆ విషాన్నీ ఒకేసారి కణాల మీద వేశాను. కణాలు బతికాయి, కణాన్ని బతికించే ఆక్ట్ అనే ప్రోటీన్ బ్యాండ్ కూడా బ్లాట్ మీద ముదురుగా వచ్చింది. ఆక్ట్‌ను నడిపే పీఐ3కే-ఆక్ట్ సిగ్నల్ దారే కాపాడిందని రాసేశాను. ఆ రాత్రే ఇంటికొచ్చి "దొరికింది బాపూ" అన్నాను. బాపు వణికే చేయి నా తల మీద పెట్టి, "నాకెప్పుడిస్తవు బిడ్డా?" అన్నాడు.

నెల తర్వాత పీఐ3కేను ఆపే ఎల్‌వై294002 అనే రసాయనం వేసి ఆ దారి మూశాను. కణాలు ఎప్పటిలాగే బతికాయి! ఆ విషం కణాలు పెరిగే ద్రవంలోనే ఆక్సీకరణ చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. నా కర్క్యుమిన్ దాన్ని కణం బయటే విరిచేసింది. బతికున్న కణంలో ఆక్ట్ చురుగ్గా ఉండటం వింతేం కాదు, నేనే తొందరపడ్డాను.

కాబట్టి మందు ముందు పెట్టు, కడిగెయ్యి, ఆ తర్వాతే విషం వెయ్యి. దారి మూస్తే రక్షణ పోవాలి, అప్పుడే ఆ దారి పేరు రాయి. 1993లో న్యూరాన్లను బతికించే జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ దొరికినప్పుడు ఎంత ఆశపడ్డామో! కణం మీదుండే ఆర్ఈటీ అనే రిసెప్టర్ ద్వారా అది ప్లేట్లో, ఎలుకల్లో న్యూరాన్లను అంత బాగా కాపాడింది, మనుషుల ట్రయల్స్‌లో మాత్రం అనుకున్నంత ఫలితం రాలేదు.

బాపు పోయేదాకా నేను ఊరికొచ్చినప్పుడల్లా పసుపు మందు అడిగేవాడు. "ఇంకా చూస్తున్నం బాపూ" అనేదాన్ని. నీకు మొదటి మంచి బ్యాండ్ వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ చెప్పకు తల్లీ, నాకు ఫోన్ చెయ్యి. సద్దుల బతుకమ్మకు వస్తావు కదా, అప్పుడు బ్లాట్లు తీసుకురా. ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ